హరిశ్చంద్రుడి వీలునామాకి సాక్షిని నేను



ఈసారి చెరకు గురించి, బెల్లం ధర గురించి రాయడం లేదు. ఒక కాగితం మీద నేను పెట్టిన సంతకం గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. పొలంలో పనుంటే చూసుకుని రాత్రి తీరిగ్గా చదవండి. కానీ చదవండి. ఎందుకంటే మీలో చాలామంది ఎవరో ఒకరి కాగితం మీద సాక్షి సంతకం పెట్టే ఉంటారు. పిలిచారు, వెళ్లాం, టీ ఇచ్చారు, పెట్టాం, వచ్చేశాం. నేనూ అలాగే పెట్టాను.

మా ఊళ్లో ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, పిల్లలు ఉన్నారు. ఊరంతా ఆయన్ని హరిశ్చంద్రుడు అనే పిలిచేది. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లు పద్యనాటకాలు ఆడాడు. కొత్త అమావాస్య జాతర రోజులొస్తే ఆయనకి ఇంట్లో భోజనం ఉండేది కాదు. కాటిసీను మొదలయ్యేసరికి తెల్లారుజాము అయిపోయేది. అయినా ఒక్కరు కూడా చాప మడిచి లేచేవారు కాదు. స్టేజీ మీద గ్రాంథికం గడగడా మాట్లాడేవాడు. దిగాక మాత్రం మన యాసే. "ఏట్రా తమ్ముడా, తిన్నావా?" అనేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. మా పొలానికి ఆయన పొలానికి మధ్య గట్టు ఒక్కటే.

ఆయన ఆస్తి ఎంతంటే, సొంతంగా కొనుక్కున్న ఎకరా ఇరవై సెంట్లు భూమి, ఒక పెంకుటిల్లు, ఒక హార్మోనియం పెట్టె, ఒక ఇనప ట్రంకు. ట్రంకులో కిరీటాలు, జరీ అంగీలు, ఇంకా పన్నెండు నోటు పుస్తకాలు. ఏ పద్యం ఏ రాగంలో అందుకోవాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ ఊళ్లో జనం ఎక్కడ ఈల వేశారు, అన్నీ వాటిల్లో రాసుకున్నాడు. కొన్ని సొంత పద్యాలు కూడా ఉన్నాయి.

కొడుకు విశాఖలో కాంట్రాక్టు పని. నాటకాల పేరు చెప్పి తండ్రి మమ్మల్ని పట్టించుకోలేదని వాడికి కోపం. పండక్కి వచ్చినా రాత్రికి ఉండేవాడు కాదు. కూతురు భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. తండ్రికి వండిపెట్టింది, మందులిచ్చింది, చివరిదాకా ఆమే చూసింది. ఇంకొకడు శిష్యుడు. ఆటో నడుపుతాడు. ఆయన దగ్గర పద్యాలు నేర్చుకున్నాడు.

2016లో ఒకరోజు ఆయన గట్టు మీదకొచ్చి, "తమ్ముడా, మంగళారం ఓ గంట ఇంటికి రా. సంతకం కావాల" అన్నాడు. దేనికి అని కూడా నేను అడగలేదు. వెళ్లాను. రిటైరైన మాస్టారు ఒకాయన కూడా వచ్చారు. అన్న కళ్లజోడు పెట్టుకుని కాగితం తీసి పైకి చదివాడు. భూమి చెరి సగం. ఇల్లు కూతురికి. హార్మోనియం, ట్రంకు, పుస్తకాలు శిష్యుడికి. మా ఇద్దరి ఎదురుగా సంతకం పెట్టాడు. ఆయన చూస్తుండగా మేమిద్దరం పెట్టాం. టీ తాగాం. మడి తడిపే పనుంది, నేను వచ్చేశాను. అంతే.

ఇక్కడ ఒక తప్పు చేశాం. కొడుకుతో చెప్పావా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

తర్వాత మూడేళ్లకి, 2019 జనవరిలో అన్నకి జబ్బు చేసింది. ఆస్పత్రిలో పెట్టారు. మనకది పీక్ సీజను. నా చెరకు నరుకుడు నడుస్తోంది, గానుగ మీద పెనం దిగడం లేదు. ఒక సాయంత్రం వీలు చేసుకుని చూడ్డానికి వెళ్లాను. మనిషి నీరసంగా ఉన్నాడు గానీ మాట బాగానే ఉంది. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే తమ్ముడా, పెద్దోడు రెండు రాత్రులబట్టి ఇక్కడే ఉంటన్నాడ్రా. నిన్న రాత్రి నాను నిద్రపోయాననుకుని పద్యం తీశాడు. కాటిసీను పద్యం. తప్పు లేకుండా తీశాడ్రా! ఆడికి పద్యం వచ్చని నాకు తెలీనే తెలీదు" అన్నాడు. కళ్లమ్మట నీళ్లు. తర్వాత అసలు మాట చెప్పాడు. "పెట్టె, పుస్తకాలు ఆడికి రాయాల. ఈధి ఎంపు గది కూడా ఆడికే. మాస్టార్ని తీసుకుని బేగి రా. కాగితం మార్చేద్దుం."

నేను ఏమన్నానో వినండి. "అలాగే అన్నా. నరికిన చెరకు కళ్లంలో ఉంది. నాలుగు రోజుల్లో గానుగ అయిపోద్ది, ఆదివారం తీసుకొస్తాను" అన్నాను.

మీకు తెలుసు. నరికిన చెరకు ఆపితే రసం తగ్గిపోతుంది, పాకం సరిగా రాదు, బెల్లం దిమ్మ రంగు దిగిపోతుంది. చెరకు ఆగదు, మనిషి ఆగుతాడు అనుకున్నాను. ఆయన శుక్రవారం తెల్లారేసరికి పోయాడు.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంటిదానికి మాత్రం చెప్పాను.

పెద్దకర్మ అయ్యాక వీలునామా బయటికొచ్చింది. కొడుకు ఒప్పుకోలేదు. "నాన్నకి కళ్లు కనబడవు, రోజూ తాగేవాడు, చెల్లి సంతకం పెట్టించుకుంది" అన్నాడు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు, తేలలేదు. కేసు వేశారు. ఇంతలో 2021లో కరోనాలో మాస్టారు పోయారు. ఆ కాగితం మీద బతికున్న సాక్షిని నేనొక్కణ్ణే మిగిలాను.

అప్పుడు తెలిసింది నాకు సాక్షి సంతకం అంటే ఏమిటో. వీలునామా కోర్టులో నిలబడాలంటే రాసినవాడి సంతకం ఒక్కటీ చాలదు. సాక్షి సంతకం చేసినవాళ్లలో కనీసం ఒకడైనా, బతికుంటే, కోర్టుకొచ్చి ఇది నా ఎదురుగా జరిగింది అని చెప్పాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో అది 68వ సెక్షను. ఇప్పుడు 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది, అందులోనూ ఈ నియమం ఉంది. 1958లో మైసూరు వైపు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీని మూలం చెప్పింది. వీలునామా రాసినవాడు పోయాక మాట్లాడే కాగితం. ఇది నాదే, ఇది నాది కాదు అని చెప్పడానికి ఆ మనిషి రాలేడు. అందుకని ఆ కాగితం చుట్టూ ఏ అనుమానం ఉన్నా, దాన్ని పట్టుకొచ్చినవాడే తీర్చాలి. ఆ అనుమానం తీర్చేవాడు సాక్షి. అంటే టీ తాగి సంతకం పెట్టొచ్చిన నేను.

నా వంతు వచ్చేదాకా ఎన్నో వాయిదాలు తిరిగాను. పొద్దున్న వెళ్లడం, వరండాలో కూర్చోవడం, మధ్యాహ్నానికి వాయిదా పడడం. ఒకరోజు అలా కూర్చుని అన్న గురించి మాట్లాడుకుంటున్నాం. ఆయనకి ఒక గొప్ప ఉండేది. "సినిమావోళ్లకి దేశంలో ఇచ్చే పెద్ద అవార్డు, దాదాసాహెబ్ ఫాల్కే. అది మొట్టమొదట అందుకున్నది మన వాల్తేరులో పుట్టినావిడే" అని చెప్పుకునేవాడు. దేవికారాణి గారు. 1908లో వాల్తేరులో పుట్టారు. బెంగాలీలే గానీ పుట్టింది మన దగ్గర. నేను ఇది చెబుతుంటే పక్కన కూర్చున్న జూనియర్ లాయరు కుర్రాడు, "బాబాయ్, ఆవిడ ఆస్తి కేసు మాకు చదువులో వచ్చిందండి" అన్నాడు. తర్వాత మా అబ్బాయి చేత ఫోనులో చదివించుకున్నాను. మన రైతులు వినాల్సిన కథ అది.

దేవికారాణి గారు, భర్త హిమాంశు రాయ్ కలిసి 1934లో బొంబాయి టాకీస్ పెట్టారు. 1940లో ఆయన పోయారు. 1945లో ఆవిడ స్వెతస్లావ్ రోరిక్ అనే రష్యా చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుని సినిమాలు వదిలేశారు. తర్వాత బెంగళూరు దగ్గర కనకపుర రోడ్డులో తాతగుణి అనే చోట తోట పెట్టుకుని ఉన్నారు. చిన్న తోట కాదు, 470 ఎకరాలకు దగ్గర. అందులో లినాలో చెట్లు వేశారు. వాటినుంచి అత్తరుకు పనికొచ్చే నూనె తీస్తారు. ఆ పంట కోసమే భూపరిమితి చట్టం నుంచి వాళ్లకి మినహాయింపు ఇచ్చారు. ఇంటినిండా బొమ్మలు, నగలు, విలువైన వస్తువులు. పిల్లలు లేరు.

ఇద్దరూ పెద్దవాళ్లయ్యారు. 1993 జనవరిలో ఆయన పోయారు. 1994 మార్చిలో ఆవిడ పోయారు. అప్పుడు కాగితాలు బయటికొచ్చాయి. ఒక కంపెనీ వచ్చి, 1991లోనే ఇందులో కొంత భూమి మాకు అమ్మారు అంది. వాళ్ల దగ్గర పనిచేసిన ఒకరు, ఆవిడ చివరి రోజుల్లో నా పేర రాసిన వీలునామా ఉంది అన్నారు. మినహాయింపు ఉన్న భూమిని అలా అమ్మితే చెల్లుతుందా అని ఇంకో తగువు. ఆఖరికి కర్ణాటక ప్రభుత్వం 1995లో ఆర్డినెన్సు తెచ్చి, 1996లో ప్రత్యేకంగా చట్టం చేసి ఆ తోటంతా తీసుకుంది. కంపెనీ సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. కె.టి. ప్లాంటేషన్ కేసు అంటే అదే. 2011 ఆగస్టులో ఐదుగురు జడ్జీల బెంచి ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఆవిడ పోయిన 17 ఏళ్లకి.

ఆ కాగితాల్లో ఏది నిజమో చెప్పడం నా పని కాదు. నాకు పట్టుకున్నది ఒకటే. ఓపిక ఉన్నన్నాళ్లు, పదిమందితో తిరుగుతున్నన్నాళ్లు తేల్చి పెట్టుకోవలసిన పని, ముసలితనంలో, నలుగురి మధ్య మంచంలో ఉన్నప్పటికి వచ్చి పడితే, ఆ కాగితం మీద ప్రతి అక్షరానికీ అనుమానం అంటుకుంటుంది. 470 ఎకరాల వాళ్లకైనా అంతే, ఎకరా ఇరవై సెంట్ల వాడికైనా అంతే. వాళ్లిద్దరి మనసులో ఏముందో చెప్పడానికి వాళ్లు లేరు.

నా సాక్ష్యానికి ముందు రోజు రాత్రి అన్న కూతురు మా ఇంటికొచ్చింది. మా ఇంటిదే ఎక్కడో నోరు జారింది, ఆస్పత్రి మాట అప్పటికే పాకింది. "చిన్నాన్నా, సంతకం సంగతి వరకూ చెప్పు. ఆస్పత్రి సంగతి ఎత్తకు. ఆ గది పోతే నేనెక్కడ ఉంటాను?" అంది. ఆమె అడిగిందాంట్లో అన్యాయం లేదు. తండ్రిని చూసుకుంది ఆమె. పదిన్నరకి కొడుకు ఫోను చేశాడు. "చిన్నాన్నా, నాన్న నీతో ఏదో అన్నాడట. ఉన్నది చెప్పు. అంతకంటే ఏం అడగను" అన్నాడు.

నిద్ర పట్టలేదు. మా అబ్బాయి కూడా మేలుకునే ఉన్నాడు. ఫోనులో ఇంకో కేసు చూసి చెప్పాడు. అమెరికాలో మార్క్ రోత్కో అనే పెద్ద చిత్రకారుడు 1970లో పోయాడు. వీలునామాలో తన ఆస్తి చూసుకోమని ముగ్గురు స్నేహితుల్ని పెట్టాడు. మొత్తం 798 బొమ్మలు. ఆ ముగ్గురూ కొద్ది నెలల్లోనే ఆ బొమ్మల్ని ఒక పెద్ద గ్యాలరీకి తక్కువకి కట్టబెట్టేశారు. అందులో ఒకాయన ఆ గ్యాలరీలోనే ఉద్యోగి. ఆయన కూతురు కేట్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా సరిగా లేవు. 1971లో కోర్టుకెక్కింది. ఆ పిల్లకి అప్పుడు గార్డియన్‌గా నిలబడ్డది కూడా ఆమె తండ్రి స్నేహితుడే, హెర్బర్ట్ ఫెర్బర్ అనే శిల్పి. 1975 డిసెంబరులో తీర్పొచ్చింది. ఆ ముగ్గుర్నీ తీసేశారు, ఒప్పందాలు రద్దు చేశారు, 90 లక్షల డాలర్లకు పైగా కట్టమన్నారు. 1977లో పై కోర్టు కూడా ఖాయం చేసింది.

"ముంచినోళ్లూ స్నేహితులే, నిలబడ్డవాడూ స్నేహితుడే నాన్నా" అన్నాడు మావాడు. నువ్వు ఎటువైపు అని వాడు అడగలేదు. అడిగినట్టే ఉంది నాకు.

తెల్లారి బోనెక్కాను. దేవుడి మీద ప్రమాణం చేశాను. కొడుకు తరఫు లాయరు గారు మొదలుపెట్టారు.

"కాగితం మీరు చదివారా?"

"లేదండి. ఆయనే పైకి చదివాడు. పద్యం చదివినట్టు చదివాడు." కోర్టులో ఒకరిద్దరు నవ్వారు.

"ఆయనకి కళ్లు కనబడేవా?"

"కళ్లజోడుంటే కనబడేవండి. ఆ రోజు కళ్లజోడు ఉంది."

"తాగే అలవాటుందా?"

"ఉందండి. నాటకం అయ్యాక తాగేవాడు. ఆ రోజు మాత్రం పొద్దున్న పది గంటలు. మేమందరం టీ తాగాం."

"మాస్టారు సంతకం పెట్టేటప్పుడు మీరు అక్కడే ఉన్నారా?"

"ఉన్నానండి. ఆయనది ముందు, నాది తర్వాత. అన్న కుర్చీలోంచి లేవలేదు."

ఇంతవరకూ బాగానే నడిచింది. ఆఖర్న ఆయన కాగితాలు మూసేసి అడిగారు. "ఆ తర్వాత ఎప్పుడైనా ఇది మార్చాలని మీతో అన్నాడా?"

ఎదురుగా అన్న కూతురు ఉంది. వెనక బల్ల మీద కొడుకు ఉన్నాడు. నలభై ఏళ్లు నేను ముందు వరసలో కూర్చుని హరిశ్చంద్రుణ్ణి చూసినవాణ్ణి. అబద్ధం ఆడితే రాజ్యం మిగిలేది, ఆడలేదు, అందుకే కాటికాపరి అయ్యాడు అనే కథ నాకు పిల్లప్పటినుంచీ తెలుసు. కానీ అది చూడ్డం వేరు. బోనులో నిలబడితే నోరు ఎండిపోతుంది.

"అన్నాడండి" అన్నాను. ఆస్పత్రి మాట మొత్తం చెప్పాను. హార్మోనియం, పుస్తకాలు, వీధి వైపు గది. చెరకు ఉందని నేను ఆదివారానికి వాయిదా వేసింది కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

దిగేటప్పుడు ఆ అమ్మాయి నా వైపు చూడలేదు.

2024లో తీర్పొచ్చింది. వీలునామా నిజమైనదే, రాసింది రాసినట్టే చెల్లుతుంది అన్నారు. మంచంలో చెప్పిన మాట, కాగితం మీదకి ఎక్కి సంతకాలు పడనంతవరకూ కాగితాన్ని మార్చదు. ఇంకో సంగతి కూడా తీర్పులో ఉందని మా లాయరు గారు చదివి చెప్పారు. ఈ సాక్షి తనని పిలిచినవాళ్లకి నష్టం చేసే మాట కూడా దాచలేదు, కాబట్టి ఆయన చెప్పిన మిగతా మాట నమ్మదగ్గది అన్నారట. అంటే ఏ మాట ఎత్తొద్దని ఆ అమ్మాయి అడిగిందో, ఆ మాటే ఆమె కేసుని నిలబెట్టింది. ఆమెకి ఇది ఎవరైనా చెప్పారో లేదో. నాతో మాటలు లేవు ఇప్పటికీ. దారిలో కనబడితే తల దించుకుని వెళ్లిపోతుంది. ఒకప్పుడు మా ఇంట్లో పచ్చడి గిన్నె తనే తీసుకుని తినే పిల్ల.

తీర్పొచ్చిన పది రోజులకి శిష్యుడు ఆటోలో హార్మోనియం, ట్రంకు, పుస్తకాలు పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "కోర్టు నాకే ఇచ్చింది. కానీ ఇవి నావి కావని మీరే చెప్పారు కదండి. దారి చూపించండి" అన్నాడు. ఇద్దరం విశాఖ వెళ్లి కొడుక్కి ఇచ్చాం. వాడు ట్రంకు తెరవలేదు. హార్మోనియం మీద చెయ్యి వేసి అలా కూర్చున్నాడు. మేం వచ్చేశాం. వీధి వైపు గది మాత్రం చెల్లెలి దగ్గరే ఉంది. అదీ అన్న చివరి మాటల్లో ఉన్నదే. అది జరగలేదు. దానికి కోర్టుది తప్పు కాదు, ఆ పిల్లది తప్పు కాదు. నేను నాలుగు రోజులు ఆగమన్నాను, అంతే.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఒకసారి నాటకం ఆడడానికి వాళ్ల బృందం రాజమండ్రి వెళ్తుంటే నేనూ వెళ్లాను. మర్నాడు అన్న నన్ను గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు గారి బొమ్మల గ్యాలరీకి తీసుకెళ్లాడు. రామారావు గారు 1897లో పుట్టారు. ఆయన చెయ్యి చూసి ముచ్చటపడిన కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకున్నారు. వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. 28 ఏళ్లు నిండలేదు. ఆయన బొమ్మలు ఈరోజు మనం ఒకేచోట చూస్తున్నామంటే ఆయన భార్య సత్యవాణి గారు, స్నేహితుడు వరద వెంకటరత్నం గారు, ఇంకా ఆయన్ని అభిమానించినవాళ్లు కాపాడినందుకే. ఆ కళాశాలని కూడా వెంకటరత్నం గారే నడిపించారు. "సూడ్రా, మనిషి పోయి ఇన్నేళ్లయినా బొమ్మ ఉంది. ఈయన్ది స్నేహం అంటే" అన్నాడు అన్న ఆ రోజు. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎండ ఎక్కువగా ఉంది, బస్సు ఎన్నింటికి అని అడిగాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇక మనకి పనికొచ్చే మాటలు. నేను లాయర్ని కాదు, తిరిగి తిరిగి నేర్చుకున్నవి చెబుతున్నాను. మీ వ్యవహారానికి మీ లాయర్ని అడగండి.

వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసినవాడు సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవాడు సంతకం చెయ్యడం వాళ్లు చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమే అని ఆయన నోటితో విని ఉండాలి. వాళ్లు ఆయన ఎదురుగా సంతకం పెట్టాలి. ఇది 1925 నాటి వారసత్వ చట్టంలో ఉంది, రామారావు గారు పోయిన ఏడాదే వచ్చిన చట్టం. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ సబ్‌రిజిస్ట్రారు దగ్గర చేయిస్తే మంచిది. అయినా అది ఉన్నంత మాత్రాన అనుమానాలన్నీ పోవు.

సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు. మా మాస్టారి సంగతి చూశారుగా. ఆస్తి పొందేవాణ్ణి సాక్షిగా పెట్టకండి. మనసు మారితే అదే రోజు కొత్తది రాయండి. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చొచ్చు, ఆఖరిది చెల్లుతుంది. నోటిమాట మాత్రం చెల్లదు.

భూమి, ఇల్లే కాదు. మీ ఇంట్లో డప్పు కొట్టేవాడు, బుర్రకథ చెప్పేవాడు, బొమ్మ చెక్కేవాడు, పాట కట్టేవాడు ఉంటే ఆ పుస్తకాలు, ఆ పనిముట్లు ఎవరికో కూడా రాయించండి. సొంతంగా రాసిన పాటకీ పద్యానికీ రాసినవాడు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అది కూడా ఆస్తే. మనకే తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపించండి. గొడవ అయితే మీరు బతికుండగానే అవ్వనివ్వండి. తీర్చడానికి మీరు ఉంటారు.

సాక్షి సంతకానికి మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే, దేనికి అని అడగండి. వినండి, చూడండి, తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ మనిషి పోయాక ఆయన గొంతు మీ దగ్గరే ఉంటుంది. మళ్లీ మంచంలోంచి బేగి రా అని కబురొస్తే, కళ్లంలో ఎంత చెరకున్నా వదిలేసి వెళ్లండి. రసం తగ్గితే దిమ్మకి కొంత పోతుంది, అంతేకదా.

నా వీలునామా నేను మొన్న రాసేశాను. ఇద్దరు సాక్షులూ నలభై లోపువాళ్లే. మా అబ్బాయి, అమ్మాయి ఎదురుగా కూర్చుంటే పైకి చదివాను. అమ్మాయి ఒక చోట, "ఇది నాకొద్దు నాన్నా, తమ్ముడికివ్వు" అంది. అక్కడే కొట్టేసి, మళ్లీ తిన్నగా కొత్త కాగితం మీద రాయించి, అందరం సంతకాలు పెట్టాం. గంట పట్టింది. అన్నకి నేను ఇవ్వలేకపోయిన గంట అదే.

ఉంటాను. వచ్చేసారి మొక్క తోటలో తెల్లపురుగు గురించి రాస్తాను.